ఎక్కడికీ వెళ్ళకుండా కొత్తగా చూడటం గురించి

మనసు బాగోలేనప్పుడు మనందరి నోటా మొదట వచ్చే మాట ఒకటే, "ఎక్కడికైనా వెళ్ళిపోవాలి." కొండలైనా సరే, సముద్రమైనా సరే, పేరు కూడా తెలియని ఊరైనా సరే, ఇక్కడ మాత్రం వద్దు. ఇక్కడుంటే బుర్ర పనిచెయ్యదు, ఇవే గోడలు ఇవే మెట్లు చూసి చూసి విసుగొచ్చేసింది, గాలి మారితే ఆలోచన కూడా మారుతుంది అనుకుంటాం. ఈ మాట ఎంత అలవాటైపోయిందంటే, అవునా కాదా అని ఎవరూ అడగరు. నేను అడగాలనుకుంటున్నాను. ప్రయాణాలు వద్దని కాదు, నాకూ ప్రయాణాలంటే ఇష్టమే. కానీ నిమ్మళంగా ఆలోచించుకోవడానికి, మన బతుకుని మనం ఇంకో వైపు నుంచి చూసుకోవడానికి కొత్త చోటు తప్పనిసరి అన్న నమ్మకం ఉంది చూశారా, అది సరైంది కాదని నా గట్టి అభిప్రాయం. ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను, ఆ పనికి బాగా తెలిసిన చోటే మెరుగు.

కొత్త చోటుకి వెళ్ళినప్పుడు మన బుర్ర ఏం చేస్తుందో ఒక్కసారి గమనించండి. దారి ఎటు, ఎక్కడ కూర్చోవచ్చు, సామాను భద్రంగా ఉందా, చీకటి పడేలోపు వెనక్కి రాగలమా, ఆ కనిపించేది ఏమిటి, ఈ చప్పుడు ఎక్కడిది. కళ్ళు ఒకచోట నిలవవు, చెవులు ఊరుకోవు. ఇది హాయిగానే ఉంటుంది, ఎందుకంటే ఆ కాసేపూ మన గొడవలు మనకి గుర్తుండవు. కానీ గుర్తు లేకపోవడం వేరు, కూర్చుని ఆలోచించుకోవడం వేరు. రెండూ మనిషికి కావలసినవే, ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటేనే ఇబ్బంది. కొండ మీద నుంచి చూస్తే ఊరు చిన్నగా కనిపించినట్టే మన సమస్య కూడా చిన్నదిగా అనిపిస్తుంది, దాన్నే మనం "కొత్త దృష్టి" అనుకుని సంతోషపడతాం. తిరిగొచ్చి తాళం తీసేసరికి అది తన మామూలు ఎత్తులోనే ఎదురొస్తుంది. చిన్నదిగా కనిపించింది దూరం వల్ల, అర్థం కావడం వల్ల కాదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే అది ఉండేచోట, దాని పక్కనే, కాస్త తీరిగ్గా కూర్చోవాలి.

మరి తెలిసిన చోటు అంటే అంత విసుగు ఎందుకు? పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదని సామెత ఊరికే రాలేదు. దీని వెనక నరాల పనితీరు ఉంది. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త ఏప్లీసియా అనే సముద్రపు జీవి మీద పరిశోధనలు చేశాడు. నత్తల జాతిదే, నరకణాలు బాగా పెద్దవి, అందుకని చూడటం సులువు. దాని ఒంటి మీద ఒకచోట మెల్లగా తాకితే అది మొప్పని లోపలికి ముడుచుకుంటుంది. అదే చోట, అంతే మెల్లగా, మళ్ళీ మళ్ళీ తాకుతూ ఉంటే ముడుచుకోవడం తగ్గిపోతుంది. ఎందుకంటే స్పర్శని అందుకునే నరకణం పక్క కణానికి పంపే రసాయనమే తగ్గిపోతుంది. ప్రమాదం లేదు, లాభం లేదు, రోజూ ఉండేదే, దీనికి శ్రమ పడక్కర్లేదు అని ఒళ్ళే నిర్ణయించేసుకుంటుంది. ఈ దారిలో సాగిన పరిశోధనకే 2000లో ఆయనకి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మనం మన ఇంటి గోడల విషయంలో చేసేది కూడా దాదాపు ఇదే. గోడ విసుగ్గా ఉండదు, దాన్ని చూడటం మనం మానేసి ఉంటాం, అంతే.

మానేశామన్న సంగతి కూడా మనకి తెలియదు. 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో జనానికి, రోజూ చేతిలో ఆడే ఒక సెంటు నాణేన్ని చూడకుండా గియ్యమన్నారు. ఏ బొమ్మ ఎటు తిరిగి ఉంటుంది, ఏ అక్షరాలు ఎక్కడుంటాయి అన్నవాటిలో చాలామంది సగం కూడా సరిగ్గా పెట్టలేకపోయారు. పోనీ అని అసలు బొమ్మనీ తప్పు బొమ్మల్నీ కలిపి ముందు పెట్టినా చాలామంది తప్పు దాన్నే చూపించారు. నాణెం దాకా ఎందుకు, మీ ఇంటి వీధి తలుపుని ఇప్పుడు, లేచి వెళ్ళకుండా, ఒక కాగితం మీద గియ్యండి. పలకలు ఎన్ని, గడియ ఎంత ఎత్తులో ఉంది, కింద రంగు ఎక్కడ పెచ్చులూడింది, తలుపుకీ గడపకీ మధ్య సందు ఏ వైపు ఎక్కువ. తర్వాత వెళ్ళి చూడండి. ఆ తేడా చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం కోసం కొందరు విమానాలెక్కి వెళతారు.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే, అలవాటు మన కళ్ళు మూస్తుంది, కాబట్టి అలవాటుని వదిలించుకోవాలి అని. నేను ఇక్కడ విడిపోతాను. అలవాటు మన శత్రువు కాదు. అది మన తలలోంచి వంద చిన్న చిన్న పనులు తీసి పక్కన పెడుతోంది. ఈ మెట్టు ఎంత ఎత్తో, ఈ తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఈ శబ్దం దేనిదో మళ్ళీ మళ్ళీ తేల్చుకోవలసిన అవసరం లేకుండా చేస్తోంది. అంటే బోలెడంత చోటు ఖాళీ చేసి ఇస్తోంది. ఆ ఖాళీని మనం ఏం చేస్తున్నామన్నదే అసలు ప్రశ్న. సాధారణంగా అందులోకి ఫోను వచ్చి కూర్చుంటుంది, లేదా రేపటి టెన్షన్ వచ్చి కూర్చుంటుంది. అలా కాకుండా ఆ ఖాళీలోకి ఎదురుగా ఉన్న ఒక వస్తువుని, ఒకే ఒక్కదాన్ని, పిలిచి కూర్చోబెడితే, చూడటమూ ఆలోచించడమూ ఒకేసారి జరుగుతాయి. కొత్త చోట ఇది కుదరదు, అక్కడ చూడటానికే సరిపోతుంది.

ఇంకొక సంగతి ఉంది, నా లెక్కలో ఇదే అన్నిటికంటే పెద్దది. కొత్తగా వెళ్ళినవాడికి వస్తువు కనిపిస్తుంది, ఉండిపోయినవాడికి మార్పు కనిపిస్తుంది.

నా గదిలో పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎండ ఎదురు గోడ మీద పడుతుంది. ఊచల నీడలతో సహా నాలుగు పలకల చతురస్రం. ముందు అది గోడకి అడుగున, నేల అంచు దగ్గర మొదలవుతుంది, పొద్దు వాలే కొద్దీ పైకి పాకుతుంది, రంగు తెలుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి ఇటుక రంగుకి తిరుగుతుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఆ వెలుగులో సున్నం వేసినప్పటి కుంచె గీతలు కనిపిస్తాయి, అడ్డంగా కాదు, కాస్త వంపుగా, వేసినాయన చెయ్యి తిరిగిన వైపుకి. ఒకచోట కుంచె వెంట్రుక ఒకటి అలాగే అంటుకుని ఎండిపోయింది. నేరుగా పడే వెలుతురులో ఇవేవీ కనిపించవు, ఏటవాలు ఎండకే బయటపడతాయి. వేలితో తడిమితే గోడ నున్నగానే ఉంది, కంటికి మాత్రం గరుగ్గా ఉంది.

ఇది ఒకరోజు చూస్తే దొరికేది. కొన్ని నెలలు చూస్తే ఇంకొకటి దొరుకుతుంది. ఆ చతురస్రం రోజూ ఒకేచోట పడదు, పక్కకి జరుగుతూ పోతుంది, ఎక్కడో ఆగుతుంది, తిరిగి వెనక్కి వస్తుంది. ఉత్తరాయణం దక్షిణాయనం అని చిన్నప్పుడు పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్నదే, భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వంగి ఉందని అప్పజెప్పిందే, అదే ఇప్పుడు నా గోడ మీద జరుగుతోంది. మార్చిలో, సెప్టెంబరులో ఆ జరగడం త్వరత్వరగా ఉంటుంది, వారం రోజులకే తేడా కంటికి ఆనుతుంది. జూన్, డిసెంబరు నెలల చివర్లో అసలు కదలనట్టే ఉంటుంది. గోడ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంటే చాలు, ఏ పరికరమూ అక్కర్లేదు. చంద్రుడి సంగతీ అంతే. ఇవాళ ఏ చెట్టు వెనక నుంచి లేచాడో, రేపు సగటున ఓ 50 నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు, ఆ చెట్టు వెనక నుంచే లేవాలని కూడా లేదు. ఈ సంగతి ఎవరైనా చెబితే వింటాం. కిటికీ మార్చకుండా చూస్తే మనకే తెలుస్తుంది, తెలిసిన విషయం మనదైపోతుంది.

డార్విన్ అనగానే ఓడ మీద లోకమంతా తిరిగిన మనిషి గుర్తొస్తాడు. ఆ ప్రయాణం అయిదేళ్ళలోపే. 1842లో ఒక పల్లెటూరి ఇంట్లో స్థిరపడ్డాక 1882లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళు, ఆయన పని దాదాపు అంతా అక్కడే సాగింది. ఇంటి దగ్గర ఒక చిన్న గులకరాళ్ళ బాట వేయించుకుని రోజూ దాని చుట్టూ నడుస్తూ ఆలోచించుకునేవాడు. ఆ ఇంటికి వచ్చిన ఏడాదే డిసెంబరులో పక్క పొలంలో ఒకచోట సుద్ద ముక్కలు చల్లించాడు. 1871 నవంబరులో, అంటే 29 ఏళ్ళ తర్వాత, అక్కడ గుంట తవ్వి చూస్తే ఆ సుద్ద నేలకి 7 అంగుళాల కింద వరసగా కనిపించింది. వానపాములు కింది మట్టిని కొంచెం కొంచెం పైకి తెచ్చి పోస్తూ ఉంటే పైనున్నది అలా కిందికి దిగిపోయిందన్నమాట. దాన్ని ఆయన 1881లో వానపాముల మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. నాకు ఇందులో నచ్చేది ఓపిక గురించిన గొప్ప మాటలేమీ కాదు. 29 ఏళ్ళు ఒకచోట ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ అందని విషయం ఒకటి, ఏ దూరదేశంలోనో కాదు, రోజూ తొక్కే గడ్డి కింద ఉందన్నది.

ఆగ్నెస్ పోకెల్స్ కథ దీనికంటే దగ్గరగా తగులుతుంది. 1862లో పుట్టింది, జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లో పెరిగింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకి విశ్వవిద్యాలయంలో చోటు లేదు, ఇంట్లో జబ్బు మనుషులైన తల్లిదండ్రులని చూసుకోవాలి, వంట చెయ్యాలి, అంట్లు తోమాలి. ఆ తోమే నీళ్ళ మీదే ఆమె చూపు నిలిచింది. జిడ్డు పడితే నీటి పైపొర తీరు మారుతోంది, ఎంత పడితే ఎంత మారుతోంది? ఇరవై ఏళ్ళ వయసు చుట్టుపక్కలే, ఒక రేకు తొట్టి, నీటి మీద అడ్డంగా జరిపే ఒక రేకు పట్టీ, చిన్న గుండీ లాంటి బిళ్ళ, ఒక త్రాసు, వీటితో కొలవడం మొదలుపెట్టింది. గుండీని నీటి మీద నుంచి పైకి లాగడానికి ఎంత బలం కావాలో చూస్తే పైపొర బిగువు తెలుస్తుంది. ఏళ్ళ తరబడి అలా కొలిచి, 1891 జనవరిలో ఇంగ్లండులో ఉన్న రేలీ అనే పెద్ద శాస్త్రవేత్తకి ఉత్తరం రాసింది. ఆయన ఆ ఉత్తరాన్ని నేచర్ అనే సైన్సు పత్రికకి పంపించాడు, మార్చిలో అచ్చయింది. ఆ తొట్టి పద్ధతినే తర్వాత లాంగ్‌మ్యూర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇంకా మెరుగుపరిచాడు, పైపొరల మీద చేసిన పనికి 1932లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఈ కథ చెప్పి "చూశారా, వంటింట్లో ఉన్నా సాధించవచ్చు" అనేవాళ్ళంటే నాకు కోపం. ఆమెని ఇంట్లో ఉంచేసింది అన్యాయం, దాన్ని వరంలా చెప్పకూడదు. చదువుకునే వీలుంటే ఇంకెంత చేసి ఉండేదో. నేను ఈ కథలోంచి తీసుకునేది వేరు. ఆ కాలంలో అంట్లు తోమే నీళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, భౌతికశాస్త్రం చదివినవాళ్ళు తినే కంచాలు కూడా ఆ నీళ్ళలోంచి వచ్చినవే. చూడాల్సింది అందరి ఎదురుగానే ఉంది. ఇది నా పని కాదు, ఇందులో ఏముంది అనుకోకుండా దాని ముందు నిలబడిన మనిషి ఆమె. ఆ నిలబడటాన్ని నేను గౌరవిస్తాను.

సరే, ఇదంతా చూడటం గురించి. మౌనంగా ఆలోచించుకోవడం మాటేమిటి? ఇక్కడ కూడా ఒక పొరపాటు అభిప్రాయం బాగా పాతుకుపోయింది, కళ్ళు మూసుకుని, అన్నీ పక్కన పెట్టి, లోపలికి చూసుకోవాలని. కొందరికి అది సాధ్యమే, నేర్చుకుని చేసేవాళ్ళున్నారు. మామూలు మనిషిని మాత్రం ఖాళీ గదిలో ఊరికే కూర్చోమంటే ఏమవుతుందో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో చూశారు. తిమోతీ విల్సన్, ఆయన సహచరులు జనాన్ని 15 నిమిషాలు ఏ పనీ లేకుండా తమ ఆలోచనలతో ఉండమన్నారు. కావాలంటే నొక్కుకోవడానికి చిన్న కరెంటు షాకు ఇచ్చే మీట ఒకటి దగ్గర పెట్టారు. అది ఎలా ఉంటుందో వాళ్ళకి ముందే రుచి చూపించారు, అది వద్దు, అవసరమైతే డబ్బిచ్చి అయినా తప్పించుకుంటాం అన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నారు. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో 6 గురు కనీసం ఒకసారి నొక్కుకున్నారు. దీన్ని చూసి మనుషులకి తమతో తాము ఉండటం చేతకాదని చాలామంది రాశారు. నాకలా అనిపించదు. ఆ గదిలో చూడటానికి ఏమీ లేదు. వాలడానికి చిన్న కొమ్మైనా లేకపోతే పిట్ట ఎగురుతూనే ఉంటుంది, అలిసిపోయి ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. మనసుకి బయట ఒక చిన్న ఆనవాలు కావాలి. మరీ పట్టి లాగేది కాదు, టీవీ లాంటిది కాదు. తన మానాన తను ఉండేది, చూస్తే చూడొచ్చు, చూడకపోతే అలిగేది కాదు.

నేను ఉద్యోగం వదలాలా వద్దా అని నలిగిపోయిన రోజుల్లో కాగితం మీద లాభనష్టాలు రాశాను, స్నేహితులతో మాట్లాడాను, రాత్రుళ్ళు ఫోనులో ఎవరెవరో ఇచ్చిన సలహాలు చదివాను. ఎంత చదివితే అంత గందరగోళం. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే కింది మెట్టు అంచున చీమలు ఏదో పురుగు రెక్కని లాక్కెళుతున్నాయి. మెట్టు పగులు దగ్గరికి రాగానే రెక్క అడ్డం పడి ఆగిపోయింది. రెండు చీమలు అటు లాగుతున్నాయి, ఒకటి ఇటు లాగుతోంది, ఇంకొకటి రెక్క మీదకే ఎక్కి తిరుగుతోంది. చాలాసేపు అంతే. ఆఖరికి రెక్క కాస్త తిరిగి, సన్నటి వైపు ముందుకి వచ్చి, పగుల్లోకి జారింది. చీమలు నాకేమీ నేర్పలేదు, అలా చెబితే అబద్ధమవుతుంది. కానీ ఆ చూస్తున్నంతసేపూ నా ప్రశ్న పక్కనే ఉంది, దాన్ని నేను నిలదియ్యడం లేదు. లేచే సమయానికి అర్థమైంది, నేను తేల్చుకోలేకపోతున్నది ఉద్యోగం గురించి కాదు, వదిలేశానని మా నాన్నగారికి ఎలా చెప్పాలన్నది. అది వేరే ప్రశ్న, దానికి జవాబు లాభనష్టాల పట్టికలో దొరకదు. ఆ రాత్రే ఆయనకి ఫోన్ చేశాను.

కొత్త దృష్టి అంటే నాకు తెలిసినంతలో ఇదే. జవాబు మారడం తక్కువ, అడుగుతున్న ప్రశ్న మారడం ఎక్కువ.

దీనికి పద్ధతి ఏమిటని అడుగుతారు. నిజంగా పెద్దగా ఏమీ లేదు. రోజూ కూర్చునే కుర్చీలో కాకుండా ఎదురుగా ఉన్నదాంట్లో కూర్చోండి, నేల మీద వెల్లకిలా పడుకుని గదిని కింద నుంచి చూడండి, రోజూ సాయంత్రం నడిచే వీధిలో ఒకసారి తెల్లవారుజామున నడవండి. గియ్యడం రాకపోయినా గియ్యండి, బొమ్మ బాగుండక్కర్లేదు, గీసేటప్పుడు కన్ను తప్పించుకోలేదు, అందుకు. ఫొటో మాత్రం వెంటనే తియ్యకండి, ఫొటో తీశామంటే చూసేశామన్న భావన వచ్చి కాళ్ళు కదులుతాయి. అలాగని ఒకే చుక్క మీద రెప్ప వెయ్యకుండా చూపు పెట్టాల్సిన పనీ లేదు. 1804లోనే ట్రాక్స్‌లర్ అనే స్విస్ వైద్యుడు గమనించాడు, చూపుని ఒకచోట కదలకుండా నిలిపితే చుట్టూ ఉన్నవి మెల్లగా మాయమవుతాయని. కన్ను కదలాలి, తిరగాలి, మళ్ళీ రావాలి. ఇంకొక మాట, దీన్ని పని సామర్థ్యం పెంచుకునే చిట్కాగా వాడకండి. రోజుకి ఇన్ని నిమిషాలు చూడాలి అని యాప్‌లో పెట్టుకుంటే అది కూడా ఇంకొక పనిగా మారిపోతుంది, గోడ కూడా ఆఫీసైపోతుంది.

ఇంత చెప్పాక నా వాదానికి ఎదురు నిలిచే విషయం కూడా చెప్పాలి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అచ్చువేసిన ఒక పరిశీలన ఉంది. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల రికార్డులు చూశాడు, సగం మంది గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు కాస్త ముందుగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. అంటే ఎదురుగా ఏముందన్నది కూడా ముఖ్యమే, ఏదైనా ఒకటే అని నేను అనలేను. నా గోడ మీద ఎండ పడుతుంది కాబట్టి నాకు గోడ సరిపోయింది. పక్కింటి గోడ కిటికీకి జానెడు దూరంలో ఉండి, వెలుతురన్నదే రాని గదిలో బతికేవాళ్ళకి నేను ఈ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పగలను? ఒకే గదిలో ఆరుగురుంటే మౌనం ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో కాలు పెట్టాలంటేనే భయపడే మనిషికి ఇల్లే ప్రశాంతమైన చోటని చెప్పడం క్రూరత్వం. వాళ్ళకి నిజంగానే బయటికి వెళ్ళే దారి కావాలి.

కానీ వాళ్ళకి కావలసింది కొండలూ సముద్రాలూ కాదనుకుంటాను, అవి ఏడాదికొకసారి కుదిరితే కుదురుతాయి, లేకపోతే లేదు. వాళ్ళకీ తమకి బాగా తెలిసిన చోటే ఒకటి కావాలి, నడిచి వెళ్ళగలిగినంత దగ్గరలో, రోజూ వెళ్ళగలిగేది. ఒక చెట్టు, దాని కింద ఒక బల్ల. కాబట్టి ఈ విషయం మన ఒక్కొక్కరి మనసుతో, అలవాట్లతో ముగిసిపోదు. వీధి వెడల్పు చెయ్యడానికి చెట్టు కొట్టేసినప్పుడు, బస్టాపులో ఎవరూ ఎక్కువసేపు కూర్చోకూడదని బల్లని ఏటవాలుగా చేసినప్పుడు, పార్కుకి గేటు పెట్టి రుసుము పెట్టినప్పుడు, చీకటి పడ్డాక ఒంటరిగా కూర్చున్న ఆడపిల్లని "ఇక్కడేం చేస్తున్నావు" అని గద్దించినప్పుడు పోయేది నీడా సౌకర్యమూ మాత్రమే కాదు, ఒక మనిషి తన ప్రశ్న పక్కన కాసేపు కూర్చోగలిగే చోటు పోతోంది. మనం పన్నులు కట్టే సంస్థలని రోడ్లు అడుగుతాం, నీళ్ళు అడుగుతాం. నీడలో ఉన్న బల్లని, దాని మీద ఏమీ కొనకుండా, ఎవరికీ కారణం చెప్పకుండా కూర్చునే వీలుని కూడా అంతే గట్టిగా అడగాలి.